సామి ఇంటి గీజరు

ఓబులేసు తల్లి అన్నం ముట్టి మూడు రోజులైంది.

మూడో రోజు ఆదివారం. పొద్దున్నే స్నానం చేసి, బండి తీసి, ఎర్రగుంటపల్లిలో ఉన్న గురువు దగ్గరికి బయల్దేరాడు ఓబులేసు. అతని పెళ్లాం ప్రమీల వాకిట్లో గిన్నెలు తోముతూ ఉంది. యాడికి పోతావుండావు అని అడగలేదు. ఆమె అతనితో మాట్లాడి కూడా మూడు రోజులే.

అతని సంగతి ముందు కాస్త చెప్పాలి. కదిరిలో గీజర్లు, వాషింగ్ మిషన్లు, నీళ్ల ఫిల్టర్లు బాగుచేసే అంగడి అతనిది. అతనుండే వీధుల్లో బోరు నీళ్లు వట్టి ఉప్పు నీళ్లు. సబ్బు అరిగిపోయేదాకా రుద్దినా నురగ రాదు. కందిపప్పు ఆరు విజిళ్లు వేసినా పలుకు పలుకుగానే ఉంటుంది. కొత్త కుళాయి బిగిస్తే ఏడాది తిరక్కుండా దాని మూతికి తెల్ల గడ్డం మొలుస్తుంది. షవరు కన్నాలు ఒక్కొక్కటే మూసుకుపోయి, మిగిలిన రెండూ మనిషిని వదిలేసి గోడకు స్నానం చేయిస్తాయి. గీజరు లోపల నీళ్లు కాచే కాయిలు చుట్టూ ఉప్పు గార పేరుకుంటుంది. కరెంటు మీటరు గిర్రున తిరుగుతుంది గానీ నీళ్లు మాత్రం కాగవు. ఈ నీళ్లు ఉన్నంతకాలం ఓబులేసుకు పనికి కొదవలేదు.

పనిమంతుడే, కాదనడానికి లేదు. మిషను తిరుగుతుంటే చెవి ఒగ్గి విని, లోపల ఏది అరిగిందో విప్పకుండానే చెప్పేవాడు. వచ్చిన చిక్కల్లా నోటితోనే. "గుప్పెళ్లకు గుప్పెళ్లు సబ్బుపొడి పోసినావు తల్లీ. నీ మిషను చచ్చింది సగం ఈ నీళ్ల వల్ల, సగం నీ చేతి వల్ల" అని ఇంటావిడ మొహం మీదే అనేసేవాడు. ఆమె మొహం చిన్నబుచ్చుకుంటే, ఉన్నమాట అంటే ఉలుకెందుకమ్మా అని ఇంకోటి తగిలించేవాడు. తను ముక్కుసూటి మనిషినని అతనికి గట్టి నమ్మకం. ఊళ్లో వాళ్లు దానికి వేరే పేర్లు పెట్టుకున్నారు, అవి ఇక్కడ రాయడం బాగుండదు.

గురువు సంజీవప్ప సామికి ఎనభై ఏళ్లు. ఒకప్పుడు పట్టుచీరలు నేసిన మనిషి. మఠం లేదు, కాషాయం లేదు. చిన్న మిద్దె, దాని ముందర రేకుల వసారా, అందులో ఒక నులకమంచం, అంతే ఆయన ఆశ్రమం. ఆదివారం పూట పాతికమంది దాకా వచ్చి కూర్చుంటారు. ఆయన దగ్గర ఒక ఆచారం ఉంది. ఉపదేశం తీసుకునేవాళ్లు తమది ఏదైనా ఒకటి అక్కడ వదిలిపోవాలి. ఒకాయన బీడీ వదిలాడు. ఒకాయన పేకాట వదిలాడు. ఒకావిడ తోడికోడలి మీద పగ వదిలి, పోతూ పోతూ మళ్లీ తీసుకుపోయింది, అది వేరే కథ.

రెండు నెలల కింద ఓబులేసు వంతు వచ్చింది. "నేను అబద్ధం వదిలేస్తా సామీ" అన్నాడు, అందరికీ వినబడేట్టు.

సామి అతని వైపు చూసి, "నీది వదిలితే చాలప్పా" అన్నాడు.

ఓబులేసు దాన్ని మెచ్చుకోలు కింద జమ వేసుకుని ఇంటికి వచ్చాడు. ఆ రోజు నుంచి ఇంట్లో ఎవరూ ఒక్క చిన్న అబద్ధం ఆడడానికి లేదు. పక్కింటావిడ పంచదార అడిగితే, ఇంట్లో ఉండి లేదన్నందుకు ప్రమీలను వాళ్ల ముందే నిలదీశాడు.

ఇదీ మనిషి. ఇప్పుడు ఎర్రగుంటపల్లికి వద్దాం.

సామి మంచం మీద కూర్చుని చిక్కుపడ్డ నూలు విడదీసుకుంటున్నాడు. మిగతావాళ్లు ఇంకా రాలేదు. ఓబులేసు దండం పెట్టి కింద కూర్చున్నాడు.

"మా అమ్మ అన్నం తినడం లేదు సామీ. మూడు దినాలాయె. నీళ్లు తప్ప ఏమీ ముట్టలేదు. గోడ పక్కకు తిరిగి పడుకునింది."

"ఒంట్లో బాగాలేదా?"

"ఒళ్లు బాగానే ఉంది." ఓబులేసు గొంతు సవరించుకున్నాడు. "నేను ఒక నిజం చెప్పినా. దానికే."

విషయం ఇది. తల్లి ఈశ్వరమ్మ తుంటి ఎముక విరిగి మూడేళ్లుగా మంచంలోనే ఉంది. చెవులు సరిగా వినబడవు, ఫోనులో అయితే అసలే వినబడదు. కూతురు శివమ్మ ముదిగుబ్బలో ఉంటుంది. ఆమె ప్రతి బేస్తవారం ప్రమీలకు ఫోను చేసేది. ప్రమీల ఆ కబుర్లన్నీ అత్త చెవి దగ్గర వంగి గట్టిగా చెప్పేది. రెండేళ్ల కింద అక్కా తమ్ముడికి మాటా మాటా వచ్చి, శివమ్మ ఆ ఇంటికి రావడం, ఫోను చేయడం రెండూ మానేసింది. ప్రమీల చేస్తే ఎత్తలేదు కూడా.

కానీ బేస్తవారం వస్తూనే ఉంది. ముసలామె పొద్దుటినుంచే కోడలి వైపు చూస్తూనే ఉంది. మొదటి వారం ప్రమీల ఏం చెప్పాలో తెలియక, "వదిన చేసింది అత్తా, నువ్వు తిన్నావా అని అడిగింది" అనేసింది. అత్త ఆ పూట ఇంకో ముద్ద సంగటి పెట్టించుకుని తినింది. ఇంకేముంది, రెండో వారం ప్రమీల ఇంకో మాట కలిపింది. వదిన వాళ్ల ఆవు ఈనిందట. వదిన కూతురు ఎనిమిదో తరగతిలో ఫస్టొచ్చిందట. పాడి వదిలి రాలేకపోతోందట, దసరాకి తప్పకుండా వస్తుందట. అట్లా రెండేళ్లు.

మొన్న బేస్తవారం ప్రమీల అత్త చెవి దగ్గర వంగి, "చలి మొదలైంది, స్వెట్టరు వేసుకోమని చెప్పింది" అంటూంటే, ఎప్పుడూ ఆ వేళకు అంగట్లో ఉండి, ఆ రోజు మాత్రం పక్కనే అన్నం తింటున్న ఓబులేసుకు తన నియమం గుర్తొచ్చింది.

"ఎందుకే అబద్ధాలు?" అన్నాడు. "అక్క ఫోన్ చేసి రెండేళ్లాయె."

చెవిటి మనిషికి కూడా వినబడేంత గట్టిగా అన్నాడు. ముసలామె తల తిప్పి, "రెండేళ్లా?" అని కొడుకును అడిగింది. "అవునమ్మా" అన్నాడు కొడుకు. ఆమె గోడ వైపు తిరిగింది.

ఇదంతా చెప్పి ఓబులేసు తలెత్తాడు. లోపల భయంగానే ఉంది. మూడు రోజులుగా రాత్రిళ్లు లేచి తల్లి ఊపిరి చూసుకుంటున్నాడు. కానీ భయం పక్కనే ఇంకొకటి కూడా కూర్చునుంది, అది ఊరుకోలేదు.

"నేను చెప్పింది నిజమే గదా సామీ. నాది తప్పా?"

"అక్కతో వచ్చిన మాటేమి?" అని అడిగాడు సామి.

ఓబులేసు నీళ్లు నమిలాడు. "ఏదో లే సామీ. పాత సంగతి."

సామి నూలు ఉండ పక్కన పెట్టాడు. "మా గీజరు నీళ్లు కాగడం మానేసి పది దినాలాయె. చూస్తావా?"

అంత దూరం వచ్చి, తల్లి ప్రాణం సంగతి అడుగుతుంటే గీజరేమిటని ఓబులేసుకు మనసులో కాస్త చివుక్కుమంది. అయినా గురువు అడిగాడు, అదీ తనకు వచ్చిన పని. బండి డిక్కీలోంచి సామాన్ల సంచి తెచ్చుకున్నాడు.

స్నానాలగదిలో గీజరు సామి చేతికి అందేంత ఎత్తులోనే ఉంది. పదకొండేళ్ల కింద ఎవరో శిష్యుడు తెచ్చి బిగించింది. అప్పటినుంచీ ఒక్కసారి కూడా విప్పినట్టు లేదు. ఓబులేసు కరెంటు తీసి, నీళ్లు కట్టి, కింది మూత ఊడదీసి, నట్లు విప్పి కాయిలు బయటికి లాగాడు. అది కాయిల్లా లేదు. చుట్టూ గార పట్టి మణికట్టంత లావైంది. దాన్ని తెచ్చి వసారాలో సామి ముందర పెట్టాడు.

"చూడండి సామీ. ఇంత గార కప్పుకోనుంటే వేడి నీళ్లదాకా ఎట్ల పోతుంది?" అప్పుడు అతనికి ఒకటి తట్టింది. సామి ఊరికే పని చెప్పే మనిషి కాదు. ఇందులో పాఠం ఉంటుంది. ఆ పాఠం తనకు అప్పుడే తెలిసిపోయింది కూడా. "మనసుకైనా ఇంతే గదా సామీ. గార అంతా గోకి పారేయాల."

"కాయిలు మార్చి బిగించప్పా" అన్నాడు సామి. "నీళ్లు కాగితే చాలు."

"ట్యాంకు లోపల కూడా నిండా ఉంటుంది. దాన్ని వదిలితే ఎట్ల?"

"పాతది అది."

"పాతదైతే ఇంకా బాగా కడగాల."

సామి మళ్లీ నూలు ఉండ తీసుకున్నాడు.

ఓబులేసు గీజరును గోడ మీదినుంచి దించాడు. వాకిట్లో పడుకోబెట్టి, లోపల యాసిడ్ పోశాడు. బుస్సుమని పొంగింది. అటూ ఇటూ దొర్లించి వంచితే, తెల్లగా సున్నపు పెళ్లల్లాంటివి బక్కెట్టు సగానికి వచ్చాయి. రెండోసారి పోశాడు, మళ్లీ వచ్చాయి. మూడోసారి నీళ్లు ఎర్రగా, తుప్పు రంగులో దిగాయి, అంటే గార అయిపోయి లోపలి ఇనుము తగిలింది. వేరే వాళ్ల ఇంట్లో అయితే ఆ ఎరుపు చూసి అక్కడే ఆగేవాడు, అంత పనితనం అతనికి ఉంది. ఆ రోజు మాత్రం గురువు ఇంట్లో మరక ఉంచకూడదనే పట్టుదల. నాలుగోసారి కూడా పోసి, బ్రష్షు పెట్టి తిప్పి, టార్చి వేసి చూస్తే లోపల అద్దంలా ఉంది. సామిని పిలిచి చూపించాడు. సామి చూసి తల ఊపాడు.

గీజరును మళ్లీ గోడకు తగిలించి, కొత్త కాయిలు బిగించి, వాల్వు తిప్పాడు. పదకొండేళ్ల వాల్వు, దానికీ గార పట్టింది, తిప్పుతుంటే కరకరమంది. నీళ్లు ట్యాంకులోకి దిగుతున్న చప్పుడు వినబడింది. ఓబులేసు చేతులు తుడుచుకున్నాడు.

కాయిలు బిగించినచోటి పక్కన, ట్యాంకు రేకు అతుకు మీద, సూదంత సన్నంగా నీటిధార లేచి అతని చొక్కా మీద కొట్టింది.

వాల్వు కట్టబోయాడు. అది తిరుగుతూనే ఉంది, పట్టడం లేదు. లోపల కడ్డీ విరిగింది. ధార మెల్లగా లావెక్కుతోంది. నీళ్లు గోడ మీదుగా కారి స్విచ్చుబోర్డు వైపు పోతున్నాయి. మెయిన్ తీసే ఉంది గాబట్టి సరిపోయింది. ఓబులేసు గుడ్డ కోసం వెతుక్కున్నాడు, సంచిలో చిల్లి పూడ్చే అతుకు ముద్ద ఉందేమోనని కెలికాడు, లేదు. గీజర్ల మధ్య ఇరవై ఏళ్లు గడిపిన మనిషి, కొత్తగా పనిలో చేరినవాడిలా అక్కడే గిరగిరా తిరిగాడు.

సామి గుమ్మంలోంచి లోపలికి వచ్చి, చెయ్యి పైకెత్తి, బొటనవేలు ఆ చిల్లి మీద పెట్టి అదిమాడు. ధార ఆగిపోయింది.

"మిద్దె మీది ట్యాంకు కట్టేసి రా" అన్నాడు. "నేను పట్టుకోనుంటా."

ఓబులేసు మెట్లెక్కి పరిగెత్తాడు. పైన ఇంకో వాల్వు ఉంది, అది ఈ చివరినుంచి ఆ చివరి దాకా గార కట్టి రాయిలా కూర్చునుంది. పానా పెట్టి తిప్పితే పైపే విరిగేట్టుంది. చివరికి ట్యాంకు మూత తీసి, బోర్లా పడుకుని, భుజం దాకా చెయ్యి ముంచి, అడుగున నీళ్లు పోయే కన్నం వెతికి, తన తువ్వాలు చింపి దాంట్లో కుక్కాడు. మొదటిసారి కుక్కింది ఊడి వచ్చింది. రెండోసారి నిలిచింది. కింద ఎనభై ఏళ్ల మనిషి చెయ్యెత్తి నిలబడి ఉన్నాడన్న ఆలోచన ఒక్క క్షణం అతన్ని వదల్లేదు. ఎంత తొందరపడినా పావుగంట పట్టింది.

వచ్చేసరికి సామి అట్లాగే ఉన్నాడు. మోచేతి మీదుగా కారిన నీళ్లకు పంచె తడిసిపోయింది.

"ఆగింది సామీ. వదలండి."

సామి వేలు తీశాడు. పైపులో మిగిలిన నీళ్లు నాలుగు చుక్కలు కారి ఆగిపోయాయి. ఆయన నెమ్మదిగా వచ్చి మంచం మీద కూర్చున్నాడు. ఓబులేసు కాళ్ల దగ్గర కూలబడ్డాడు.

"నీ యాసిడ్ పెట్టిందా ఈ చిల్లి?" అని అడిగాడు సామి. కోపమేమీ లేదు, తెలుసుకోవడానికే అడిగినట్టు అడిగాడు.

"కాదు సామీ. గంట సేపట్లో అంత చిల్లి పడదు. ఉప్పు నీళ్లు ఎప్పుడో తినేసినాయి. గార అడ్డం పేరుకొని, కారకుండా ఆపింది..."

చెప్తూ చెప్తూ ఓబులేసు ఆగిపోయాడు. అప్పుడు చెప్పాడు అక్క సంగతి, ఈసారి ఎవరూ అడగకుండానే.

రెండేళ్ల కింద శివమ్మ కొత్త ఇల్లు కట్టుకుంది. గృహప్రవేశం రోజు, బంధువులందరూ పంక్తిలో కూర్చుని ఉండగా, బావ తను కొన్న గీజరునూ వాషింగ్ మిషన్‌నూ అందరికీ వర్ణిస్తూ మురిసిపోతున్నాడు. ఓబులేసు కుళాయి కింద గాజు గ్లాసు పట్టి, దాంట్లో సబ్బు ముక్క వేసి గిలక్కొట్టి, పంక్తి పొడవునా తీసుకుపోయి చూపించాడు. నురగ రాలేదు, తెల్లగా విరిగిపోయింది. "ఈ నీళ్లకు బావ కొన్నవన్నీ రెండేళ్లకు పాతసామాన్ల వాడికే. ఇంట్లో దిగేముందు నన్నొక మాట అడిగి ఉండాల్సింది" అన్నాడు. నలుగురు నవ్వారు. బావ విస్తరి ముందునుంచి లేచిపోయాడు. శివమ్మ పసుపు చేతులతో గుమ్మంలో నిలబడి, "ఈ రోజు కూడా నీ నోట ఒక మంచి మాట రాలేదా తమ్ముడూ" అంది. అవే ఆఖరి మాటలు.

"నేను చెప్పింది అప్పుడూ నిజమే సామీ" అన్నాడు ఓబులేసు. ఆ మాట ఈసారి అతని నోట్లోంచి వేరేగా వచ్చింది. అంటూనే ఏడుపు వచ్చేసింది. తువ్వాలు లేదు, చొక్కా చేతికి తుడుచుకున్నాడు.

సామి అతన్ని ఏడవనిచ్చాడు.

కాసేపయ్యాక ఓబులేసే అడిగాడు. "అక్క ఫోన్ చేసిందని అమ్మకు మళ్లీ ఎట్ల చెప్పేది సామీ? ఇంక చెప్పినా నమ్మదు."

"చెప్పొద్దు."

"మరి అన్నం ఎట్ల తింటుంది?"

ఓబులేసుకు జవాబు తెలుసు. తెలుసు గాబట్టే అడిగాడు, సామి ఇంకేదైనా దారి చెప్తాడేమోనని. వాకిట్లో బక్కెట్టు నిండా గార, దాని పక్కన కాయిలు, పానాలు ఎక్కడివక్కడ పడి ఉన్నాయి.

"ముదిగుబ్బకు పోతా" అన్నాడు చివరికి. "పోయి ఆమె కాళ్లు పట్టుకుంటా. బావ కాళ్లు కూడా పట్టుకుంటా. కానీ అక్క గేటు తీయదు సామీ, నాకు తెలుసు ఆమె సంగతి. నన్ను చూస్తే లోపలికి పోతుంది. ఎండలో, వీధిలో అందరూ చూస్తావుంటే, ఎంతసేపని నిలబడేది?"

సామి తన కుడిచేతి బొటనవేలు చూసుకున్నాడు. నీళ్లకు నాని తెల్లగా ముడుతలు పడి ఉంది. ఎడమచేత్తో దాన్ని మెల్లగా నొక్కుకున్నాడు.

"పావుగంటకే మొద్దుబారిపాయె" అన్నాడు. "రెండేళ్లు ఎట్ల పట్టుకోనుండిందో ఆ కోడలు పిల్ల."

ఓబులేసు లేచాడు. సామాన్లు సర్దుకోలేదు. ఇంకెవరో శిష్యులు వాకిట్లోకి వస్తూ పలకరించారు, అతను వినిపించుకోలేదు. బండి తీసి ముదిగుబ్బ దారి పట్టాడు.